అక్క కోసం కంపైల్ చేసిన గొంతు

అక్క పొదిలిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. షుగరు వల్ల చూపు మసకబారుతూ వచ్చి, చివరికి పుస్తకంలో అక్షరాలు ఆనకుండా పోయాయి. పద్యాలు నోటికొచ్చు, వచన పాఠాలతోనే చిక్కు. బడివాళ్ళు అప్పటికే గొణుగుతున్నారు.

"పాఠం చెవిలో వినిపించేదేదన్నా ఉంటే చూడరా. విని, చెప్పుకుంటా" అని ఫోన్ చేసింది.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం నాది. తెలుగు చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది గానీ, అది సోర్స్ కోడ్‌గానే ఉంది; మనమే దాన్ని కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి. సెలవు పెట్టి, లాప్‌టాప్‌తో అక్క ఇంటికి వెళ్ళాను. ఎదురు వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ఆ ఘాటుకు దగ్గుతూనే కూర్చున్నాను. దానికి కావలసిన ఏదో లైబ్రరీ, అంటే ఇంకో ప్రోగ్రాము ముక్క, లేదని పని ఆగిపోయేది. అది తెచ్చి పెడితే, దానికి ఇంకోటి కావాలనేది. సాయంత్రానికి ఎర్రర్లు లేకుండా బిల్డ్ అయింది. దాంతోపాటు వచ్చిన టెస్టులన్నీ పాసయ్యాయి.

"ఇప్పుడు నా టెస్టు. 'నా కళ్ళు' అని కొట్టు" అంది అక్క.

"నా కల్లు" అంది లాప్‌టాప్.

"ఏందిరా ఇది, నాకు తాగుడు అంటగడతంది!"

ఎన్నాళ్ళకో నవ్వింది. ఉచ్చారణ నియమాల ఫైలులో 'ళ' ఎక్కడుందో వెతికి, సరిచేసి, మళ్ళీ కంపైల్ చేశాను. ఆమె సరే అనేదాకా మర్నాడంతా అదే పని. తర్వాత పాఠాలు టైపు చేసి ఎక్కించాను.

సోమవారం ఇద్దరం బడికి వెళ్ళాం. కరస్పాండెంటు గారి ముందు అక్క ఒక పేరా వినిపించి, దాన్ని వివరించింది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన చూపు లాప్‌టాప్ మీదే ఉంది.

"బ్రహ్మాండంగా చదువుతుందే! క్లాసులో స్పీకరు పెడితే సరిపోద్ది గదమ్మా. మీకెందుకు శ్రమ?"

"అది చదువుద్దండీ. పిల్లలకి చెప్పేది నేను."

ఆయన నావైపు తిరిగి, "ఆఫీసు కంప్యూటర్లో కూడా ఎక్కించి వెళ్ళు బాబూ" అన్నాడు.

వినిపించుకోనట్టే లాప్‌టాప్ మూసి, అక్క చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. లాప్‌టాప్ ఆమె దగ్గరే ఉంచి గుంటూరు వచ్చేశాను. నెలాఖరుకి ఆమెను మాన్పించారు. క్లాసులో ఏ స్పీకరూ పెట్టలేదు. లెక్కల టీచరే తెలుగు కూడా చెబుతోందట.

మొన్న ఫోన్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, వచ్చి పెట్టిపోనా అని అడిగాను.

"వద్దులేరా. ఎవరికి చెప్పాలని వినాలి?" అంది.