రోడ్డు పక్కన వందన

మా బౌద్ధ సంఘం ఆత్మకూరులో ఒక అద్దె గదిలో మొదలైంది. ముంబైకి కూలి పనికి పోయినప్పుడు పక్కింటివాళ్ల దగ్గర బుద్ధ వందన నేర్చుకుని వచ్చిన మా అమ్మే దానికి మూలం. ఆదివారాలు మా దళితవాడ వాళ్లం అక్కడ కూర్చుని ఆ వందన కలిసి చదివేవాళ్లం.

ఒక బుద్ధ పౌర్ణమి పొద్దున మేం వెళ్లేసరికి గదికి తాళం ఉంది. బుద్ధుడి విగ్రహం బయట మెట్టు మీద ఉంది. పక్కనే ఇంటి ఓనరు నిలబడి ఉన్నాడు.

"మీరంత గిట్ల వచ్చి కూసుంటే నా ఇల్లు ఇంకెవరు కిరాయికి తీసుకుంటరు? ఏడికన్న పోండ్రి," అన్నాడు.

అమ్మ విగ్రహాన్ని కొంగుతో తుడిచి, రోడ్డు పక్కన పెట్టి, దాని ముందు కూర్చుంది.

"గది నీది సారూ, తాళమేసుకో. రోడ్డు నీది కాదు గద," అంది.

ఒక్కొక్కరం ఆమె వెనక కూర్చున్నాం. వచ్చే పోయేవాళ్లు ఆగి చూశారు. కొందరు నవ్వారు. వందన చదువుతున్న అమ్మ గొంతు పెంచింది, మేమూ పెంచాం.

తర్వాత మళ్లీ ఎవరినీ గది అడగలేదు. మా వాడలోనే రేకుల షెడ్డు వేసుకున్నాం. ఇప్పుడు గద్వాల, నాగర్‌కర్నూల్ నుంచి కూడా వస్తున్నారు. షెడ్డుకు బోర్డు రాయించేటప్పుడు, అక్షరాలు జర చిన్నగ రాయించమని ఊరి పెద్దలు చెప్పి పంపారు.

"బౌద్ధ సంఘం అని ఊరంత కనపడాలె," అంది అమ్మ. అంత పెద్దగానే రాయించాం.