మీనపురి ఆరో పుస్తకం

పోయిన ఆదివారం మా అన్నయ్య కూతురు, తనకిష్టమైన మాయాలోకపు నవలలు మధ్యలో ఆగిపోయాయని, తర్వాతి పుస్తకం ఎప్పుడు రాస్తారని అడుగుతూ ఎక్కడో విదేశంలో ఉన్న రచయిత్రికి ఫోన్లోంచే ఉత్తరం పంపింది. టీ చల్లారేలోపు జవాబొచ్చింది: మీ అభిమానానికి ధన్యవాదాలు, మీ సందేశం మాకెంతో విలువైనది. అది మనిషి రాసింది కాదని పదకొండేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోయి మూతి ముడుచుకుంది. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని ఇంట్లో అంటారు గానీ, నా మోకాళ్ళు అప్పుడే వేరే మాట చెబుతున్నాయి గనక మొదలుపెడుతున్నాను.

మాది ఏలూరులో తివాచీలు నేసే ఇల్లు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు మా దాదీకి, అంటే నాన్నగారి అమ్మకి, రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చి చూపు మసకబారింది. అయినా మగ్గం మీంచి దించిన తివాచీల అంచులకు కుచ్చులు కట్టే పని మాత్రం మానలేదు. ఆ ముడులు వెయ్యడానికి వేళ్ళు చాలు. చేతులు అలా ఆడుతుంటే చెవులు ఖాళీ గనక, నేను బడినుంచి రాగానే అద్దె పుస్తకాల షాపులో తెచ్చిన ‘మీనపురి’ నవలలు పైకి చదవాలి. కొల్లేటి అడుగున ఒక పట్నం, దానికి ఏడు తలుపులు, ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయే దోనె నడిపే అమ్మాయి, ఆమెకు తోడుగా, ముక్కు కింద సంచి వేలాడే, మాటలొచ్చిన ముసలి గూడబాతు. ఆ గూడబాతంటే దాదీకి ప్రాణం. కైకలూరు దగ్గర తన పుట్టింటి వెనక చెరువులో అచ్చం ఇలాంటిదే ఉండేదనేది. అదీ మాట్లాడేదా అంటే, మనం వినలేదు గానీ మాట్లాడే ఉంటుంది అనేది.

అయిదో పుస్తకం ఏడో తలుపు ముందు ఆగింది. కింద ‘ఆరో పుస్తకం త్వరలో’ అని వేశారు. ఆ త్వరలో రెండేళ్ళయినా రాలేదు, వచ్చిందా అని దాదీ అడగని రోజూ లేదు. ఆ ప్రశ్న పడలేక ఒకరోజు వచ్చిందన్నాను. సోషల్ పుస్తకం తెరిచి, రుతుపవనాల పాఠం మీద కళ్ళు పెట్టి, ఆరో పుస్తకం నోటికొచ్చినట్టు చదవడం మొదలుపెట్టాను. పదిరోజులు బాగానే సాగింది. పదకొండో రోజున ఏం చెప్పాలో తోచక, లెక్కల పరీక్ష కూడా దగ్గర పడడంతో, గూడబాతుని చంపేశాను.

దాదీ ఏడవలేదు. చేతిలో కుచ్చు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ కట్టిన ముడులు పట్టుకుంటే ఊడొచ్చాయి, అలాంటిది మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. మూడోరోజున, ఇంకో వారంలో కంటి ఆపరేషన్ అనగా, ఆ రాసినాయన్ని కలిసి పక్షిని బతికించమని అడగాలంది. పుస్తకం వెనక తాడేపల్లిగూడెం అడ్రసు ఉంది. ఆపరేషన్లో నాకేదన్నా అయితే ఆ దిగులుతోనే పోవాలా అని నాన్నగారిని నిలదీసింది. అది అరగంట ఆపరేషన్, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు. అయినా ఆ మాటకి ఇల్లంతా కదిలిపోయి, నన్ను తోడిచ్చి పంపారు.

బస్సులో ప్రతి స్టాపులోనూ నిజం చెప్పేద్దామనుకున్నాను. ఉంగుటూరులో బస్సు చాలాసేపు ఆగింది కూడా, అంతకంటే మంచి అవకాశం రాదు. వేరుశనక్కాయలు కొనుక్కున్నాను.

రచయిత అంటే మేడ, పడక్కుర్చీ ఊహించుకున్నాం. తీరా చూస్తే ఆయన పొలాల మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని రాగితీగ చుడుతున్నారు.

“ఏవండీ, మీనపురి రాసింది మీరేనాండీ?”

“నేనేనండీ. కూర్చోండి.”

“బాగా రాస్తారండీ. కానీ ఆరో పుస్తకంలో ఆ గూడబాతుని చంపెయ్యడం మాత్రం మీకు తగదండీ. ముసలిదైతే మాత్రం? దాని మానాన అది బతుకుతోంది కదండీ.”

ఆయన చేతిలో తీగ ఆగింది. ఆరో పుస్తకం మీకెవరు చదివి వినిపించారండీ అని అడిగారు. మా మనవరాలండీ, చక్కగా చదువుతుంది అని దాదీ నా భుజం తట్టింది. ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. మోటార్లు బాగుచేసే షాపులో అది తిరగడం లేదు.

“తప్పేనండీ,” అన్నారాయన మళ్ళీ తీగ చుడుతూ. “తొందరపడ్డాను.”

తర్వాత, రాసి చాలా రోజులైంది, ఎలా చంపానో ఒకసారి చెప్పండి అని, నా పదకొండు రోజుల కథంతా దాదీ నోట విన్నారు. రెండుచోట్ల నవ్వారు, అవి నవ్వే చోట్లు కావు. పక్షిని తప్పకుండా బతికిస్తానని మాటిచ్చి, దాదీకి టీ తెప్పించి, నన్ను షాపు వెనక్కి పిలిచి వాడని రిపేరు చీటీల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు.

“నాకు అయిదో దాంట్లోనే ఆగిపోయిందమ్మాయ్. ఆ తలుపు అవతల ఏముందో నాకే తెలీదు. చంపింది నువ్వు గనక బతికించాల్సిందీ నువ్వే. ఆవిడ ఆపరేషన్ లోపు.”

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం, ఆయన పంపారని చెప్పి నేను చీటీల్లో రాసుకున్నది చదువుతుంటే, గూడబాతు లేచి కూర్చుంది. ఏ మందు వేశానో అడక్కండి, ఏడో తరగతి వైద్యం. చూశావా, ఎంత మాట నిలబెట్టుకునే మనిషో అంటూ దాదీ గట్టిగా ఒక ముడి వేసింది. మర్నాడు భోజనానికి ఇంటికొచ్చేసింది కూడా. కానీ కొత్త కళ్ళజోడు రాగానే, ఆ ఆరో పుస్తకం ఇలా తే, నేనే చదువుకుంటానంది. ఇంక దారిలేక చీటీల పుస్తకం ఇచ్చాను. కిటికీ పక్కన కూర్చుని కడదాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఆయన రాత కూడా నీ రాతలాగే కోడి కెలికినట్టుందేమే? ఈసారి పెన్సిలు చెక్కుకుని రాయమను,” అంది. అంతే.

ఇప్పుడు దాదీ లేదు, ఆయనా లేరు, ఆ షాపున్న చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. తలుపు అవతల ఏముందని దాదీ చివరిదాకా అడుగుతూనే ఉండేది, నాకు తెలీదనేదాన్ని. మీనపురి గురించి నేను ఆవిడకి చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఇదంతా విన్న మా పిల్ల, మనమూ ఆ రచయిత్రి ఊరికి బస్సెక్కి వెళ్దామా అత్తా అంది. అక్కడికి బస్సు లేదే అన్నాను. తన తప్పు కాని చావుని కూడా నెత్తినేసుకునే రచయిత ఒక బస్సు దూరంలో ఉండడం ఎంత అదృష్టమో అప్పట్లో నాకు తెలీదు, వేరుశనక్కాయలు తింటున్నాను. పిల్ల మాత్రం వదల్లేదు. పోనీ ఆ తలుపు అవతల ఏముంది అంది. చీటీల పుస్తకం తీసి చూస్తే ఇంకా సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి.

ఇద్దరం కలిసి పెన్సిలు కోసం ఇల్లంతా వెతికాం.