రెండిలే పెద్దల మధ్య యోసేపు చోటు

వై2కే హడావిడి ముగిసిన ఏడాది ఆగస్టులో, సింగపూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం నన్ను ఉత్తర కెన్యాలోని రెండిలే ప్రజల దగ్గరికి పంపింది. అప్పుడు నేను మిషన్ కార్యదర్శిని. బోధించడం పాస్టరు పని. కార్యదర్శి వెళ్ళి పరిస్థితి చూడాలి, అక్కడి విశ్వాసులకు సంఘం కమిటీ తరఫున సలహా చెప్పాలి, తిరిగొచ్చి నివేదిక ఇవ్వాలి.

రెండిలేలు ఒంటెలు మేపుకుంటూ మేత వెంట ఊరు మార్చుకుంటారు. ఎక్కడ దిగినా గుడిసెల నడుమ ముళ్ళకంపతో ఒక ఆవరణ కట్టి, అందులో నిప్పు పెడతారు. దాన్ని నాబో అంటారు. సాయంత్రం పెళ్ళయిన మగవాళ్ళు అక్కడ చేరతారు. పెద్దల్లో ఒకాయన ప్రార్థన పలుకుతుంటే మిగిలినవాళ్ళు వంత పలుకుతారు. ఊరి నిర్ణయాలూ అక్కడే.

నా దుభాషి యోసేపు నేను వెళ్ళిన ఊరి బడిపంతులు. కొత్తగా బాప్తిస్మం పొందాడు, కొత్తగా పెళ్ళయింది. నేను చేరిన రోజు సాయంత్రం నాబోలో తన పక్కన కూర్చోమని తండ్రి అతన్ని మొదటిసారి పిలిచాడు. వెళ్ళవచ్చా అని యోసేపు నన్ను అడిగాడు. వెళ్ళకపోతే ఊళ్ళో తన మాటకు విలువుండదు, తండ్రి తన ముఖం చూడడు అన్నాడు.

బాప్తిస్మం పొందినవాళ్ళు పాత ప్రార్థనలకు దూరంగా ఉండాలన్నది మా కమిటీ నియమం. అదే చెప్పబోయి ఆగాను. అక్కడ ఏమి అడుగుతారని ప్రశ్నించాను.

"వాన. ఒంటెలు, పిల్లల క్షేమం."

"ఎవరిని?"

"దేవుణ్ణే. వాన ఇంకెవరిస్తారు?" అని నవ్వాడు.

నేనూ వచ్చి చూడవచ్చా అని అతని తండ్రిని అడిగించాను. ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పెళ్ళయిందా?"

అయిందన్నాను.

"ఒంటెలెన్ని?"

ఒక్కటీ లేదన్నాను.

"అయ్యో, ఒంటెలివ్వకుండా పిల్లనెవరిచ్చారు? సరే, కూర్చోమను. వీడికీ ప్రార్థన అవసరమే."

కూర్చున్నాను. యోసేపు నా చెవిలో చెప్పిన ప్రతి మాటా డైరీలో రాసుకున్నాను. నేను కాదనవలసిన మాట అందులో కనిపించలేదు. ఆ చోటు వదులుకోవద్దని యోసేపుకు చెప్పాను.

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పాసిర్ రిస్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రవాడొకడు, "అంకుల్, ఫైనల్‌గా ఎంతమంది కన్వర్ట్ అయ్యారు?" అన్నాడు. ఎవరూ కాలేదన్నాను. నాబోలో కూర్చున్న సంగతి చెప్పేసరికి అధ్యక్షుడు కోప్పడ్డాడు.

"రూల్ చెప్పి రండంటే మీరే వెళ్ళి వాళ్ళలో కూర్చుంటారా? ఇదేం పద్ధతండీ?"

"నేను రూల్ చెప్పేసి ఫ్లైట్ ఎక్కేవాణ్ణండీ. ఊరు వెలివేసేది యోసేపును" అన్నాను.

నియమం మారలేదు. నన్ను ఆ పదవి నుంచి తప్పించారు. యోసేపు ఆదివారం ఆరాధనకు వస్తున్నాడనీ, సాయంత్రాలు తండ్రి పక్కనే కూర్చుంటున్నాడనీ నా తర్వాతి కార్యదర్శి వెళ్ళి చూసొచ్చి చెప్పాడు.

సలహా ఇచ్చేవాడు వెళ్ళిపోతాడు, పాటించేవాడు ఆ ఊళ్ళోనే బతకాలి. అందుకని ముందు వెళ్ళి కూర్చుని చూడటం కూడా కార్యదర్శి విధుల్లో ఒకటని ఆ ప్రయాణంలో తెలుసుకున్నాను.