టేకు రెక్క

మా క్యాంపస్‌లో ఒక గాలి సొరంగం ఉండేది. పేరు గొప్పే కానీ చూడటానికి పొడుగాటి రేకు గొట్టం. ఒక చివర పెద్ద పంకా, మధ్యలో అద్దం కిటికీ. విమానం రెక్క నమూనాను అందులో నిలబెట్టి, గాలి వదిలి, అది ఎంత బరువు ఎత్తగలదో కొలిచేవాళ్లం. ఢిల్లీ నుంచి కేంద్ర ప్రభుత్వం నిధులిచ్చేది. అరవైల చివర్లో నేనక్కడ రీసెర్చి స్కాలర్ని. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. ఇంగ్లీషు దంచేవాణ్ణి, పని మాత్రం అంతంత మాత్రం.

ఆ రెక్కలను టేకుతో చెక్కేది లాలాగూడ వడ్రంగి ఒకాయన. చెక్కడం అయ్యాక కళ్లు మూసుకుని, గోటి వెనకవైపుతో రెక్క పొడవునా రాసి చూసేవాడు. గోరు ఆగినచోట మళ్లీ చిత్రిక పట్టేవాడు. మా కొలతలకు దొరకని మిట్ట ఆయన గోటికి దొరికేది. అది నాకు మహా కంటగింపుగా ఉండేది. ఆయనది ఏళ్ల తరబడి టెంపరరీ ఉద్యోగం. ఢిల్లీ కమిటీ వచ్చి మెచ్చుకుంటే పర్మనెంటు చేయిస్తానని మా ప్రొఫెసర్ మాటిచ్చారు.

కమిటీ వచ్చిన రోజు రెక్క అమర్చింది నేను. నట్టు చేత్తో తిప్పాను, పానాతో బిగించడం మరిచిపోయాను. పంకా ఊపందుకోగానే రెక్క ఊడిపోయి, గొట్టం చివరనున్న ఇనప జాలీకి కొట్టుకుని ముక్కలైంది.

"చెక్కలో బీట ఉన్నట్టుంది సార్," అన్నాను ఇంగ్లీషులో. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

వడ్రంగికి ఇంగ్లీషు రాకపోయినా సంగతి అర్థమైంది. ముక్క ఏరుకొచ్చి చూపించాడు. "కట్టెల బీట లేదు సార్. బోల్టు బొక్క చూడున్రి, ఎట్లున్నదో గట్లనే ఉన్నది. నట్టు బిగియ్యలే."

ప్రొఫెసర్ ఆ ముక్క వైపు చూడనైనా లేదు. "నీకు తెలిసింది చిత్రిక పట్టడం. నోరు మూసుకుని బయటికి నడు," అన్నారు. కమిటీ పెద్దమనిషి నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ వయసులో ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి ఆయన్ను రావద్దన్నారు. టేకు నమ్మదగింది కాదని, లోహపు రెక్కలు కావాలని రిపోర్టు రాసింది కూడా నేనే. నిధులు వచ్చాయి. మా పరిశోధనలో అదొక ముందడుగని అందరూ నన్ను పొగిడారు.

ఏడాది తర్వాత తార్నాక బస్‌స్టాపులో ఆయన కనిపించాడు. ఎవరింట్లోనో తలుపులు చేసి వస్తున్నాడు, చేతిసంచిలో ఉలి, రంపం. ముఖం తిప్పుకున్నాను. ఆయనే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"కొత్త రెక్కలకైన నట్లు బిగిస్తున్నరా సార్?"

వచ్చిన బస్సు ఎక్కేశాను. అది కాచిగూడ వెళ్లేది. నేను వెళ్లాల్సింది క్యాంపస్‌కి.