తొడ మీద దూది

గర్భసంచి క్యాన్సరన్నరు. ఆపరేషన్ చేసి సంచి, చుట్టున్న గడ్డలు అన్నీ తీసేసినమన్నరు. ఇబ్రహీంపట్నం ఇంటికొచ్చి పడ్డంక చూస్తే, కుడి తొడ లోపలి పక్క గిచ్చినా తెలుస్తలేదు. ఆటోల కూసుంటే రెండు మోకాళ్లు దగ్గరికి రావు. నడిస్తే కాలు పక్కకు పోతది. రోగం కడుపులకెల్లి కాలుకు దిగిందనుకున్న. భయంతోని అన్నం సయిస్తలేదు. అయినా ఎవ్వరికీ చెప్పలే. చెప్తే మళ్ల కోస్తరు. ఇంకోసారి ఆ బల్ల మీద పండే ధైర్యం నాకు లేదు.

నన్ను చూసుకోనీకి యాచారం నుంచి మా అక్క వచ్చింది. వచ్చినరోజే నా నడక కనిపెట్టింది. పండుకొని పండుకొని కాలు పట్టేసింది, గంతే అని తేల్చేసింది. మా ఇండ్లల్ల బాలింతకైనా, కాలు బెణికినోనికైనా ఒకటే మందు. దొడ్డుప్పు పెనం మీద వేంచి, గుడ్డల మూటగట్టి కాపడం పెడుతరు. అక్క పొద్దుమాపు పెట్టింది. కాలుతుందా అని అడిగితే, లేదు, మంచిగున్నదనేదాన్ని. మంచి లేదు, మన్ను లేదు, నాకసలు ఏం తెలుస్తలేదు.

ఒకనాడు లంగ తొడకు అతుక్కుంటే చూసిన. పొక్కులు లేచి పగిలినయ్. అక్క నెత్తి పట్టుకొని కూలబడ్డది. నాకు చెమటలు పట్టినయ్. తోలు కాలినందుకు కాదు, నొప్పి లేనందుకు.

పట్నం దవాఖానల చూపెట్టుకునే రోజు వచ్చింది. గంజి ఒలికిందని చెప్పాలని అక్కకు నేర్పిన. డాక్టరమ్మ కాలిన మచ్చ చూసి దూది తీసింది. కండ్లు మూసుకో, దూది ముట్టిస్తా, తెలిస్తే చెప్పు అన్నది. జరసేపు ఆగి అవ్ అన్న. ఇంకింత ఆగి మళ్ల అవ్ అన్న.

"నేనింకా ముట్టుకోలేదమ్మా" అన్నది.

ఏడుపు ఆగలే. కాపడం ముచ్చట, అంతా చెప్పేసిన. రోగం కాలుకు దిగిందా అని అడిగిన. రోగం కాదు, గడ్డలు తీసేటప్పుడు నరం దెబ్బతిన్నది అన్నది. కసరత్తు చేస్తే కొన్ని నెలలకు స్పర్శ రావొచ్చట, రాకపోవచ్చట. వేడి మాత్రం ముట్టియ్యొద్దన్నది. రాకపోవచ్చన్న మాటే చెవులల్ల నిలవడ్డది.

అక్క నా తొడ దిక్కే చూసుకుంట పక్కన నిలవడ్డది. మళ్ల కండ్లు మూసుకొమ్మన్నది డాక్టరమ్మ. ఈసారి అబద్ధం ఆడొద్దనుకున్న. పండ్లు బిగబట్టి చూసిన. ఎంతసేపైనా ఏం తెల్వలే. ఇంకా దూది పెట్టలేదు కావచ్చు అనుకున్న.

అంతల్నే పక్కన అక్క ఏడుపు వినవడ్డది.