కాటా ఎక్కిన ఉపవాసం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సాక్ష్యం చెప్పేవాళ్ళు సారా దగ్గరో అప్పు దగ్గరో మొదలుపెడతారు, నేను మాత్రం నా కప్పుల దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే నా చీకటి అంతా ఆ మెరుపులోనే ఉండింది. పెనుకొండలో ఒక హైస్కూల్లో నేను కుస్తీ కోచ్‌గా ఉన్న రోజుల్లో నా పేరు చెబితే రాష్ట్రమంతా వణికేది. రాష్ట్రం కాదులెండి, జిల్లా. జిల్లా కూడా కాదు, హిందూపురం, ధర్మవరం డ్రిల్లు మాస్టర్లు కాస్త జంకేవాళ్ళు, అంతే. బీరువా నిండా కుస్తీ కప్పులున్నాయని మీకు ఎన్నోసార్లు చెప్పాను, వాటిలో సగం కబడ్డీవి. దేవుడు నన్ను క్షమించుగాక!

నన్ను గెలిపించింది నా విద్య కాదు, బరువు తూచే కాటా. కుస్తీలో పిల్లలను బరువును బట్టి జతకడతారు గనుక, పెద్ద ఎముకల పిల్లవాణ్ణి కడుపు మాడ్చి తక్కువ బరువులోకి దించితే ఎదుటివాడు తేలిపోతాడు. అందుకని ఎండలో స్వెట్టర్లు తొడిగించి కొండ చుట్టూ పరిగెత్తించేవాణ్ణి, నీళ్ళు అడిగితే పుక్కిలించి ఉమ్మేయమనేవాణ్ణి.

హాస్టల్లో సామేలు అనే పిల్లవాడుండేవాడు. వాళ్ళమ్మ మరియమ్మ ధర్మవరంలో మగ్గాలకు పట్టు కండెలు చుట్టేది. హిందూపురం పోటీలకు రెండు రోజుల ముందు, ఆదివారం ఆమె రాగిముద్ద, కోడికూర డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. వాడు డబ్బా ముట్టలేదు.

“ఏం సార్, పిల్లోడు నీళ్ళు గూడా తాగల్యా. ఒళ్ళు బాగలేదా?” అని అడిగింది.

ఆ రోజు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “జబ్బు గాదమ్మా, ఉపవాస ప్రార్థనలో ఉండాడు” అన్నాను. అంతవరకూ బరువు కోసమే అనుకున్న పిల్లవాడు, ఇది దేవుని కోసం కూడా అని నమ్మేశాడు. ఆమె కళ్ళొత్తుకుని, అయితే తానూ బిడ్డతోపాటు ఉపవాసం ఉంటానని డబ్బా తిరిగి పట్టుకుపోయింది.

హిందూపురంలో సామేలు బరువు సరిగ్గా సరిపోయింది, నేను మిగతా మాస్టర్ల ముందు మీసం దువ్వాను. ఆటలో ఎదుటివాడి చెయ్యి తగలకముందే వాడు మ్యాట్ మీద కూలిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతున్నా కళ్ళు తెరవలేదు. మరియమ్మ పగిలిన పెదవులతో వచ్చింది, మంచం పట్టుకుని, “తండ్రీ, నా బిడ్డకు ఉపవాసం నేర్పిన సార్‌ను ఆశీర్వదించు” అని ప్రార్థించింది.

సహోదరులారా, నేను వరండాలోకి పారిపోయాను. రాత్రంతా మోకాళ్ళ మీదే ఉన్నానని ఇదివరకు చెప్పాను గదా, అదీ అబద్ధమే, దారికి అడ్డమని నర్సమ్మ కాసేపటికే లేపేసింది. “ప్రభువా, నీ పేరు చెప్పి బిడ్డను ఎండబెట్టినాను. వాడిని లేపు, నా పేరు ఏమైనా కానీ” అని అడిగింది మాత్రం నిజం.

ఆ రెండు మాటలూ దేవుడు విన్నాడు. తెల్లవారాక సామేలు కళ్ళు తెరిచి, “సార్, బస్సులో దొంగగా నీళ్ళు తాగినా. అందుకే దేవుడు పడేసినాడా?” అన్నాడు.

“దేవుడు గాదురా, నేను. అది ఉపవాసం గాదు, కాటా కోసరం” అని తల్లి ముందే చెప్పాను. ఆ నీళ్ళే వాడి ప్రాణం నిలబెట్టాయని డాక్టరు అన్నాడు. మరియమ్మ నన్ను తిట్టలేదు. గ్లాసుతో కొడుక్కి నీళ్ళు తాపింది, తర్వాత తాను తాగింది, నా వైపు మాత్రం చూడలేదు. జరిగినదంతా స్కూల్లో నేనే ఒప్పుకున్నాను, కుస్తీ నా చేతిలోంచి తీసేశారు.

సామేలు ఇప్పుడు ధర్మవరంలో మగ్గం నేస్తున్నాడు. ఆదివారం భార్యాబిడ్డలతో ఆరాధనకు వస్తాడు, ఉపవాస కూడికకు మాత్రం రాడు. ఆ రోజు వాడి చోటు ఖాళీగా కనబడితే నేను తలెత్తలేను. అయినా వాడిని బతికించినందుకు దేవునికే మహిమ! మీలో ఎవరైనా, ఇంకా కాస్త బాగుపడ్డాక ఆయన దగ్గరికి పోదామని ఆగి ఉంటే ఆగకండి, ఆయన గుమ్మంలో కాటా లేదు. ఉపవాస కూడికకు వచ్చేటప్పుడు సామేలును కూడా పిలుచుకు రండి. నేను పిలిస్తే రాడు.