నది అవతలి ఇల్లు

ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. వాషింగ్టన్ నుంచి న్యూజెర్సీ వెళ్ళే బస్సులో ఆయన నా పక్క సీటు. నేను ప్లెయిన్స్‌బరోలోని ఫ్రెండ్‌తో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాను. "ఎవరిని పడితే వాళ్ళని రానిస్తున్నారే, అందుకే మన వీసాలకి ఇన్ని తిప్పలు. సెక్యూరిటీ కావాలంటే ముందు బోర్డర్ క్లోజ్ చేసెయ్యాలి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆయన ఇంగ్లీషులో మెల్లగా పలకరించారు. ఆయనది పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్, భార్యది సరిహద్దు నదికి అవతలున్న బెనిన్ దేశం.

"ఒకప్పుడు మా చుట్టుపక్కల దేశాలన్నీ ఒకే కూటమి. వీసా లేకుండా పడవెక్కి అత్తగారింటికి వెళ్ళి భోంచేసి వచ్చేవాళ్ళం. మా దగ్గర సైన్యం గద్దెనెక్కాక ఆ కూటమితో చెడింది. మావాళ్ళు ఇంకో రెండు దేశాలతో కలిసి కొత్త కూటమి కట్టారు. బెనిన్ సరిహద్దు మూసేశారు."

"మీకు కోపం రాలేదా?"

"లేదమ్మా. సాయుధ తీవ్రవాదులు మా తమ్ముడి ఊరు తగలబెట్టినప్పుడు పాత కూటమి నుంచి సాయానికి ఎవరూ రాలేదు. మూస్తేనే మంచిదని నా భార్యతో నేనే వాదించాను. తర్వాత వాళ్ళమ్మ పోయింది. నా భార్య ఇవతలి ఒడ్డున నిలబడి అంత్యక్రియలు ఫోన్‌లో చూసింది."

నా చేతిలోని ఫోన్ వైపు చూసి అన్నారు: "మీ భాష నాకు రాదు. కానీ సెక్యూరిటీ, బోర్డర్, క్లోజ్ అన్నవి వినిపించాయి. ఆవిడతో నేనూ అవే అన్నాను."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపించింది. తలెత్తి ఆయన్ని చూడలేకపోయాను.

నా స్టాప్ రాగానే ఆయనే లేచి, పైనున్న నా బ్యాగ్ దించి ఇచ్చారు. "థాంక్యూ," అన్నాను. అనాల్సిన మాట అది కాదని తెలుసు. "సారీ" అన్న మాట మాత్రం నోటికి రాలేదు.